యూనిట్ 14: హెపటైటిస్-సి చికిత్స - తొలి వారాల చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరవాత మీరు:
- హెపటైటిస్-సి చికిత్స 1986 నుంచి నేటివరకు ఎలా మారిందో వివరించగలుగుతారు.
- ఇంటర్‌ఫెరాన్ చికిత్సలో మొదటి 12 వారాలు రోగికి ఎందుకు కష్టమయ్యాయో, వాటిని రోగులు ఎలా గడిపారో తెలుసుకొంటారు.
- పరిశోధనా పత్రాల్లోని విజయశాతాలను చరిత్ర విద్యార్థిగా ఎలా చదవాలో గుర్తించగలుగుతారు.
- భారతదేశంలో మందుల ధర, పేటెంటు వివాదాలు చికిత్స ప్రారంభాన్ని ఎలా ప్రభావితం చేశాయో చర్చించగలుగుతారు.

14.1 పరిచయం

వైద్య చరిత్రను మనం సాధారణంగా ఆవిష్కరణల వరసగా చదువుతాం. ఒక సంవత్సరంలో సూక్ష్మజీవిని కనుక్కొన్నారు, మరో సంవత్సరంలో మందు వచ్చింది, వ్యాధి లొంగింది. ఇలా చదివితే మందు చేతికి వచ్చిన రోజుకూ, నయమైన రోజుకూ మధ్య రోగి గడిపిన కాలం మన కంటికి ఆనదు. హెపటైటిస్-సి విషయంలో ఆ కాలాన్ని వదిలేస్తే చరిత్ర సగమే తెలుస్తుంది.

హెపటైటిస్-సి రక్తం ద్వారా సోకే కాలేయ వ్యాధి. పరీక్షించని రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూదినే మరొకరికి వాడటం దీనికి ముఖ్య కారణాలు. వైరస్ సోకినవారిలో దాదాపు 30 శాతం మందికి అది దానంతట అదే పోతుంది. మిగిలినవారిలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అలా నిలిచిపోయినవారిలో కొందరికి 20 ఏళ్ల కాలంలో కాలేయం గట్టిపడి సిరోసిస్ వస్తుంది. అయితే అప్పటివరకు చాలామందికి ఏ బాధా ఉండదు. కొద్దిపాటి నీరసం తప్ప వారు తమ పనులు తాము చేసుకొంటూనే ఉంటారు.

ఈ యూనిట్‌లో ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. 1991 నుంచి దాదాపు పాతికేళ్లపాటు, ఒంట్లో బాగానే ఉందనుకొనే మనిషిని చికిత్స మంచాన పడేసేది. రేపెప్పుడో వచ్చే జబ్బును తప్పించుకోవడానికి ఈ రోజు జబ్బుపడటానికి సిద్ధం కావలసి వచ్చేది. అందుకే ఈ చికిత్స చరిత్రలో మందు ఎంత ముఖ్యమో, రోగి ఓర్పు కూడా అంతే ముఖ్యం.

14.2 పేరు లేని వ్యాధికి మందు

1970 దశకంలో అమెరికాలో హార్వే ఆల్టర్, ఆయన సహచరులు రక్తం ఎక్కించుకొన్నవారిలో వచ్చే కాలేయ వాపును పరిశీలించారు. వాటిలో చాలా కేసులకు అప్పటికి తెలిసిన ఎ, బి వైరస్‌లు కారణం కాదని 1975లో తేలింది. అసలు కారణం తెలియకపోవడంతో దానికి 'ఎ-కాని, బి-కాని హెపటైటిస్' అని పేరు పెట్టారు.

వైరస్ దొరకకముందే మందు ప్రయత్నం మొదలైంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనుగొన్న ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని, వైరస్ దాడి చేసినప్పుడు మన శరీరమే తయారుచేసుకొంటుంది. దాన్ని ప్రయోగశాలలో పెద్ద మొత్తంలో తయారుచేయడం సాధ్యమయ్యాక, జే హూఫ్‌నేగిల్ బృందం పదిమంది రోగులకు ఇచ్చి 1986లో ఫలితాలు ప్రకటించింది. ఎనిమిదిమందిలో కాలేయ పరీక్షలు మెరుగుపడ్డాయి. 1989లో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జి కువో, డేనియల్ బ్రాడ్లీ వైరస్‌ను గుర్తించారు. 1991లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఇంటర్‌ఫెరాన్‌ను ఈ వ్యాధికి అనుమతించింది.

అప్పటి పద్ధతి ప్రకారం వారానికి మూడు ఇంజెక్షన్లు, ఆరు నెలలు. దాదాపు సగంమందిలో కాలేయ పరీక్షలు మెరుగుపడేవి. కాని మందు ఆపాక అలా మెరుగుపడినవారిలో సగంమందికి వ్యాధి తిరగబెట్టేది.

14.3 మొదటి ఇంజెక్షను రాత్రి

ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు చలి, వణుకు, ఒళ్లునొప్పులు, తలనొప్పి ఎందుకు వస్తాయి? వైరస్‌తో పోరాడుతూ శరీరం విడుదలచేసే ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థాలే వీటికి చాలావరకు కారణం. ఆ ఇంటర్‌ఫెరాన్‌నే సూదితో ఎక్కిస్తే ఫ్లూ లేకుండానే ఫ్లూ బాధలన్నీ వస్తాయి. ఇంజెక్షను తీసుకొన్న కొన్ని గంటలకే చలి మొదలై, ఆ తరవాత జ్వరం వచ్చేది. మొదటి ఒకటి రెండు వారాల్లో ఇది ఎక్కువగా ఉండి, శరీరం అలవాటుపడేకొద్దీ తగ్గేది. అలసట మాత్రం తగ్గకుండా, వారాలు గడిచేకొద్దీ పెరిగేది.

ఈ దశను దాటడానికి వైద్యులు, నర్సులు, రోగులు కలిసి కొన్ని పద్ధతులు ఏర్పరచుకొన్నారు. ఇంజెక్షను పగలు కాకుండా పడుకోబోయే ముందు తీసుకొంటే జ్వరం నిద్రలోనే గడిచిపోయేది. ముందుగా పారాసెటమాల్ మాత్ర వేసుకొనేవారు, అదీ కాలేయానికి హాని కలగని మోతాదులో, డాక్టరు చెప్పినంతే. నీళ్లు ఎక్కువగా తాగడం, కడుపు నిండా ఒకేసారి తినకుండా కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినడం, ఓపిక ఉన్నంతవరకు నడవడం, ఇంజెక్షను చోటును పొట్ట మీద, తొడ మీద మార్చుకొంటూ ఉండటం నేర్పేవారు. 2001 తరవాత వారానికి ఒక్కసారి చాలే పెగ్-ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. అప్పుడు చాలామంది సెలవురోజుకు ముందు రాత్రిని ఎంచుకొన్నారు. మరునాడు పనికి పోనక్కరలేకపోవడమే కారణం. సెలవులేని రోజుకూలీకి ఈ వెసులుబాటు లేదని మీరు గమనించాలి.

శరీర బాధలకన్నా గుర్తించడం కష్టమైనది మానసిక కుంగుబాటు. ఇంటర్‌ఫెరాన్ మెదడుపైన కూడా పనిచేస్తుంది. నిద్ర పట్టకపోవడం, అకారణంగా కోపం, ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం మొదటి మూడు నెలల్లో బయటపడేవి. వీటిని రోగి తన బలహీనతగా, ఇంట్లోవారు అతని మారిన స్వభావంగా అనుకొనే ప్రమాదం ఉండేది. ఇది మందు వల్ల వచ్చేదని కుటుంబానికి ముందే చెప్పడం ఈ చికిత్స వైద్యులకు నేర్పిన ముఖ్య పాఠాల్లో ఒకటి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినప్పుడు ఫ్లూ వంటి బాధలు ఎందుకు వచ్చేవి?
ఆ) ఇంజెక్షనును రాత్రిపూట తీసుకోమని ఎందుకు సలహా ఇచ్చేవారు?

14.4 పన్నెండో వారం తీర్పు

1998లో ఇంటర్‌ఫెరాన్‌కు రిబావిరిన్ అనే మాత్రను జోడించారు. నయమయ్యేవారి సంఖ్య పెరిగింది, దానితోపాటు కొత్త బాధా వచ్చింది. రిబావిరిన్ ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. అందువల్ల మొదటి నాలుగు వారాల్లోనే హిమోగ్లోబిన్ పడిపోయేది. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ వచ్చేవి. హిమోగ్లోబిన్ 10 గ్రాముల కన్నా తగ్గితే మోతాదు తగ్గించేవారు, 8.5 కన్నా తగ్గితే మాత్ర ఆపేవారు. గర్భస్థ శిశువుకు హాని కలిగించే మందు కాబట్టి, చికిత్స సాగినంతకాలం, ఆ తరవాత ఆరు నెలలు దంపతులు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని అప్పట్లో చెప్పేవారు.

మరి ఇంత బాధ ఫలిస్తుందా? దీనికి సమాధానం వైరస్ రకాన్ని బట్టి ఉండేది. మొదటి రకం వైరస్ ఉన్నవారికి 48 వారాలు, రెండు, మూడు రకాలవారికి 24 వారాల చికిత్స ఇచ్చేవారు. 2002లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో పెగ్-ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్ కలిపి తీసుకొన్నవారిలో మొత్తం మీద 56 శాతం మందికి, మొదటి రకంవారిలో 46 శాతం మందికి వైరస్ పోయింది. అదే పరిశోధనలో ఆ మందులు తీసుకొన్నవారిలో 22 శాతం మంది కుంగుబాటుకు గురయ్యారు.

ఈ పరిస్థితిలో 12వ వారం రక్తపరీక్ష కీలకమైంది. అప్పటికి వైరస్ పరిమాణం కనీసం నూరోవంతుకు తగ్గకపోతే, పూర్తికాలం మందు వాడినా నయమయ్యే అవకాశం బహుస్వల్పమని తేలింది. అటువంటివారికి, ముఖ్యంగా మొదటి రకంవారికి, చికిత్స ఆపేయవచ్చు. ఈ నియమం రోగికి రెండు విధాల ఉపయోగపడింది. ఫలించని బాధను మధ్యలోనే ముగించింది. ఫలించేవారికి ఇంకా కొనసాగే ధైర్యం ఇచ్చింది. మందులను కనీసం 80 శాతం మోతాదులో, 80 శాతం కాలం తీసుకొన్నవారికి మెరుగైన ఫలితం వచ్చిందని కూడా గుర్తించారు. కాబట్టి మొదటి వారాల్లో ఓర్చుకోగలగడం చికిత్స ఫలితాన్నే ప్రభావితం చేసింది.

14.5 లెక్కలోకి రాని రోగులు

ఇక్కడ చరిత్ర విద్యార్థిగా మీరు ఒక ప్రశ్న వేయాలి. 56 శాతం అంటే ఎవరిలో 56 శాతం? చికిత్సకు అర్హులని నిర్ణయించి, మొదలుపెట్టినవారిలో. తీవ్రమైన కుంగుబాటు, గుండెజబ్బు, బాగా ముదిరిన సిరోసిస్, రక్తహీనత ఉన్నవారిని ఇటువంటి పరిశోధనల్లో సాధారణంగా చేర్చుకోలేదు. పక్కవారి అనుభవం విని భయపడి చికిత్సే వద్దన్నవారు, డబ్బు లేనివారు, తమకు వ్యాధి ఉన్నట్టే తెలియనివారు ఈ పట్టికల్లో ఎక్కడా కనిపించరు.

పరిశోధనా పత్రం అబద్ధం చెప్పదు, తనకు కావలసిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. 'మోతాదు తగ్గించినవారు', 'మధ్యలో మానినవారు' అనే చిన్న వరసల వెనక ఉద్యోగాలు, సంసారాలు, నిద్రలేని రాత్రులు ఉన్నాయి. ఆ వరసలను కూడా ఆధారంగా చదవడం మీరు అలవాటు చేసుకోవాలి.

14.6 భారతదేశంలో: ధర, పేటెంటు

భారతదేశంలో మూడో రకం వైరస్ ఎక్కువ. అందువల్ల మనవారిలో చాలామందికి 24 వారాల చికిత్స సరిపోయేది. అయినా పెగ్-ఇంటర్‌ఫెరాన్‌కు లక్షల రూపాయలు ఖర్చయ్యేది. 2005లో పేటెంటు చట్టాన్ని సవరించిన తరవాత మన దేశంలో ఉత్పత్తి పేటెంటు పొందిన మొదటి మందు ఇదే. ఆ పేటెంటు 2006లో రోష్ కంపెనీకి లభించింది. మాదకద్రవ్యాల బాధితుల మధ్య పనిచేసే ముంబైలోని సంకల్ప్ ట్రస్టు దానిని సవాలు చేసింది. 2012 నవంబరులో మేధాసంపత్తి అప్పిలేట్ బోర్డు ఆ పేటెంటును రద్దు చేసింది. రోగుల తరఫున ఒక స్వచ్ఛంద సంస్థ నిలబడి గెలిచిన ఈ కేసు మన ఔషధ చరిత్రలో ముఖ్యమైనది.

14.7 మాత్రల యుగం

2011లో టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ అనే మందులు వచ్చాయి. అవి నేరుగా వైరస్‌పై పనిచేసినా, ఇంటర్‌ఫెరాన్‌తో కలిపే వాడవలసి వచ్చింది. కాబట్టి తొలివారాల బాధ తగ్గకపోగా దద్దుర్లు, రక్తహీనత పెరిగాయి. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్బువిర్‌తో పరిస్థితి మారింది. కొద్దికాలంలోనే ఇంటర్‌ఫెరాన్ లేకుండా, 12 వారాలు రోజూ మాత్రలు వేసుకొంటే 95 శాతానికి పైగా నయమయ్యే స్థితి వచ్చింది. మొదటి వారాల్లో తలనొప్పి, కొద్దిపాటి అలసట తప్ప చాలామందికి వేరే బాధ ఉండదు.

శరీరానికి బరువు తగ్గింది కాని, ఆ బరువు ధర మీదికి మారింది. అప్పట్లో అమెరికాలో 12 వారాల సోఫోస్బువిర్ ధర 84,000 డాలర్లు, అంటే మాత్ర ఒక్కంటికి 1,000 డాలర్లు ఉండేది. 2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ భారతీయ కంపెనీలకు తయారీ అనుమతులిచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. హైదరాబాదులోనే ఉన్న నాట్కో మొదట పేటెంటును వ్యతిరేకించి, 2015లో తానూ అనుమతి తీసుకొంది. ఆ సంవత్సరం మన మార్కెట్లో 28 మాత్రల సీసా దాదాపు 20,000 రూపాయలకు వచ్చింది. పోటీ పెరిగి తరవాత ధర మరింత తగ్గింది. 2016లో పంజాబ్ ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించింది. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టి, పరీక్షలు, మందులు ఉచితం చేసింది. 2020లో ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు మిగిలిన అడ్డంకి వ్యాధిని గుర్తించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 5 కోట్లమందికి ఈ వ్యాధి ఉంది. వారిలో మూడోవంతుకు కాస్త ఎక్కువమందికే తమకు వ్యాధి ఉన్నట్టు తెలుసు.

ఈ చరిత్ర మీ ఇంటికీ పనికొస్తుంది. మీకు తెలిసినవారెవరైనా ఈ చికిత్స మొదలుపెట్టబోతూ పాత ఇంజెక్షన్ల కథలు విని భయపడుతుంటే, అవి నిజమేననీ, కాని అవి గడిచిన కాలానివనీ మీరు చెప్పగలరు. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవడం, మధ్యలో మానకపోవడం, వాడుతున్న ఇతర మందులన్నీ, ముఖ్యంగా గుండె మందులు, ఎసిడిటీ మందులు, డాక్టరుకు ముందే చెప్పడం, హెపటైటిస్-బి పరీక్ష చేయించుకోవడం, చికిత్స ముగిసిన 12 వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవడం నేటి జాగ్రత్తలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) 12వ వారం పరీక్ష రోగికి ఏ విధంగా ఉపయోగపడింది?
ఆ) 2012లో పెగ్-ఇంటర్‌ఫెరాన్ పేటెంటు విషయంలో ఏం జరిగింది?

14.8 సారాంశం

హెపటైటిస్-సి చికిత్స వైరస్ దొరకకముందే ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇంటర్‌ఫెరాన్ కాలంలో జ్వరం, అలసట, కుంగుబాటు, రక్తహీనత తొలి వారాలను కష్టంగా మార్చాయి. వాటిని ఓర్చుకోగలిగినవారికే చికిత్స పూర్తి ఫలితం అందింది. 2013 తరవాత మాత్రలు ఆ బాధను తొలగించాయి, కాని ధర, వ్యాధి నిర్ధారణ కొత్త అడ్డంకులయ్యాయి. వైద్య చరిత్ర రాసేటప్పుడు నయమైనవారి శాతంతోపాటు, చికిత్స మొదలుపెట్టలేకపోయినవారిని, మధ్యలో మానినవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

14.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటర్‌ఫెరాన్ చికిత్స తొలిదశలో రోగులు ఎదుర్కొన్న ఇబ్బందులను, వాటిని ఎదుర్కొన్న పద్ధతులను వివరించండి.
2. భారతదేశంలో హెపటైటిస్-సి మందుల అందుబాటు ఎలా మారిందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'విజయశాతం చికిత్స మొదలుపెట్టినవారి గురించే చెబుతుంది.' వ్యాఖ్యానించండి.
2. రిబావిరిన్ వల్ల లాభనష్టాలను తెలపండి.