ఎవరి సమాధి? ఎవరి చరిత్ర?

1905వ సంవత్సరంలో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం రెండు గ్రంథాలు అచ్చువేసింది. ఒకటి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు, మూడు సంపుటాలు. రెండవది జూలియన్ జేమ్స్ కాటన్ తయారుచేసిన మద్రాసు రాజధానిలోని సమాధి శాసనాల పట్టిక. ముగ్గురూ ఐ.సి.యస్. అధికారులే. మొదటి గ్రంథంలో దానాలిచ్చిన రాజులూ దండనాయకులూ ఉన్నారు. పుచ్చుకున్న దేవుళ్ళూ బ్రాహ్మణులూ ఉన్నారు. రెండవదానిలో ముఖ్యంగా ఈ నేలమీద కన్నుమూసిన తెల్ల అధికారులూ, సైనికులూ, వాళ్ళ భార్యలూ, పసిబిడ్డలూ ఉన్నారు. చారిత్రక ప్రాముఖ్యం ఉన్న సమాధులనే ఎంచుకున్నానని కాటన్ తన గ్రంథం పేరులోనే చెప్పుకున్నాడు. ఆ ప్రాముఖ్యం ఎవరికుంటుందో నిర్ణయించేది ఎవరు? ఈ రెండు గ్రంథాల నడుమ జిల్లా జనమంతా జారిపోయారు.

ఉదయగిరి, ఆత్మకూరు సీమలో చచ్చిపోయిన సామాన్యుడు ఎక్కడైనా రాతకెక్కాడా? ఎక్కితే, ఎవరి అవసరం కోసం ఎక్కాడు? ఈ వ్యాసంలో నేను వేసుకుంటున్న ప్రశ్న ఇదే. ఇది గ్రంథాలయంలో పుట్టిన ప్రశ్న కాదు. ధాత కరువులో మా యింటివాళ్ళు ఏడుగురు చచ్చిపోతే అందరినీ ఒక్క గుంటలో పూడ్చారని మా అవ్వ చెప్పేది. వాళ్ళ పేర్లేమిటని చిన్నప్పుడు అడిగితే, ‘పేర్లు ఎవురికి గుర్తుండాయి నాయనా, ఏడుమంది అని మాత్రం తెలుసు’ అనేది. నేను తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివాను. నన్నెచోడుని కాలాన్ని గురించి గంటసేపు వాదించగలను. నా రక్తసంబంధీకులు ఏడుగురి పేర్లు మాత్రం చెప్పలేను.

ముందుగా రాళ్ళ సంగతి చూద్దాం. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. కొండమీది బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ సంగతి అక్కడ శాసనస్థమైంది. అంటే గెలిచినవాడికి రాయి ఉంది, తరలిపోయిన విగ్రహానికీ రాయి ఉంది. కోట గోడలకింద చచ్చిన రెండు పక్షాల బంట్లు ఎందరో చెప్పే రాయి లేదు. మరి మూడు శతాబ్దాల తరువాత, కర్నూలు నవాబు కుట్రతో సంబంధముందన్న ఆరోపణపై 1839లో కంపెనీవారు ఉదయగిరి జాగీర్దారును పదవీచ్యుతుణ్ణి చేసి, చెంగల్పట్టులో రాజకీయ ఖైదీగా ఉంచారు. ఓడిన జాగీర్దారుకు కూడా జిల్లా మాన్యువల్లో చోటు దొరికింది. ఆయన పొలం దున్నినవాడికి దొరకలేదు.

‘వీరగల్లులు లేవా? అవి జనం నిలిపిన రాళ్ళు కావా?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మందను కాపాడబోయి పోరాడి చచ్చినవాడికి ఊరు రాయి నిలిపింది. 13వ శతాబ్దంలో ఎర్రగడ్డపాటి బీళ్ళ పుల్లరి విషయమై మనుమసిద్ధికీ కాటమరాజుకూ యుద్ధం జరిగిందని, అందులో ఖడ్గ తిక్కన కూలాడని కథ. ఆ కథను బతికించింది ఆస్థానం కాదు, గొల్లల పాట. వీటి విలువను నేను తక్కువ చేయను. కాని వీరగల్లు కత్తి పట్టిన చావునే గుర్తిస్తుంది. వాంతిభేదులతో పోయిన కూలివాడికీ, కానుపులో పోయిన ఆడమనిషికీ అందులో చోటు లేదు.

మరొక రకం సమాధి అనుమసముద్రంపేటలో ఉంది. ఆత్మకూరుకు దగ్గరలోని ఈ ఊళ్ళో, 18వ శతాబ్దికి చెందిన ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గాకు హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు. రాజశాసనం లేకుండా, జనం నడిచి వచ్చి నిలుపుకున్న జ్ఞాపకమది. కాని అదికూడా ఒక మహనీయుడి సమాధే. చుట్టూ పడుకున్నవాళ్ళ సంగతి మళ్ళీ మామూలే.

ఇక కాగితాలకు వద్దాం. సామాన్యుడు మొట్టమొదట రాతకెక్కింది గ్రామ మునసబు చేతిలోని మరణ రిజిస్టరులో. 1899లో మద్రాసు మూడవ చట్టం జనన మరణాల నమోదుకు చట్టరూపమిచ్చింది; లెక్కలు తీయడం అంతకు కొన్ని దశాబ్దాల ముందే మొదలైంది. సర్కారుకు ప్రజలమీద ప్రేమ పుట్టి ఈ పని చేయలేదు. కలరా ఎక్కడిదాకా వచ్చిందో, దండు విడిదికి ఎంత దూరంలో ఉందో తెలియాలి. అందుకని కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, ప్రమాదాలు, ఇతరాలు అని చావులను గడులుగా విడగొట్టారు. ఆకలికి గడి లేదు. తిండిలేక ఎండి చచ్చినవాడు కూడా ఏదో ఒక గడిలో సర్దుకోవలసిందే. ఎక్కువమంది జ్వరాల గడిలోనే చేరారు.

1876-78 నాటి ధాత కరువులో ఈ పద్ధతి బండారం బయటపడింది. సహాయ పనుల్లో కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది మనిషిని బతికించే కూలి కాదని శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. ఊరు వదిలి దారులవెంట పడి చచ్చినవాళ్ళు ఏ గ్రామ రిజిస్టరుకూ చెందరు. మద్రాసు రాజధానిలో లక్షలమంది పోయారని తరువాత జనాభా లెక్కలనుబట్టి అంచనా కట్టవలసి వచ్చింది. మా అవ్వ చెప్పిన ఏడుగురు ఆ అంచనాలో ఉన్నారు. రిజిస్టరులో ఉన్నారని నేను నమ్మను.

కరువు వెనకనే మతం మారిన వేలాది మాల మాదిగలకు మరో పుస్తకం దొరికింది. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరికి వచ్చింది; 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో కేంద్రాలు పెట్టింది. బాప్తిస్మం, పెండ్లి, భూస్థాపన నమోదుచేయడం చర్చి ఆచారం. పాలేరుగా, అప్పుల పత్రంలో వేలిముద్రగా తప్ప కాగితానికెక్కని మనిషి, ఇక్కడ తన పేరుతో, ఒక తండ్రికి కొడుకుగా ఎక్కాడు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఇక్కడకూడా దొరకు చలువరాయి, విశ్వాసికి మట్టిదిబ్బ.

ఇంతకూ ఈ తవ్వకమంతా దేనికి? ఇది పాత రాళ్ళమీద మోజు కాదు, భూమి ప్రశ్న. సెటిల్మెంటు రిజిస్టర్లలో శ్మశానాలు పోరంబోకులుగా నమోదయ్యాయి. చాలా ఊళ్ళలో కులం పేరుతో సహా నమోదయ్యాయి. చచ్చాక కూడా వేరుగా పడుకోవాలన్న అవమానం ఆ అక్షరాల్లో ఉంది. అయినా, పొలం లేనివాడికి ఆరడుగుల నేలమీద హక్కుందని చెప్పే సాక్ష్యం తరచుగా ఆ అక్షరాలే.

ఆత్మకూరు సీమలో ఒక పల్లె శ్మశానాన్ని నాకు ఒక ముసలాయన చూపించాడు. తరతరాలుగా గుంటలు తవ్విన కుటుంబం ఆయనది. తంగేడు పొదలనుబట్టి, రాళ్ళగుట్టలనుబట్టి ఒక్కొక్కరినీ పేరుపెట్టి చెప్పాడు. ‘రాయి లేకపోతే ఏంది సార్, ఎవురు యాడుండారో నాకు తెల్దా?’ అన్నాడు. పడమటి వారకు వచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడ దిబ్బలు లేవు, వరినారు ఉంది. ‘ఇదంతా మాదే సార్. కయ్యలో కలిసిపోయింది’ అన్నాడు.

1984లో మునసబు కరణాల ఉద్యోగాలు రద్దయి, వాళ్ళ దఫ్తరాలు చేతులు మారాయి. ఆ ముసలాయన జ్ఞాపకం మారే చెయ్యి లేదు; ఆయన కొడుకు బెంగుళూరులో కూలి చేస్తున్నాడు. కనుక పరిశోధనకు అంశం దొరకడంలేదనే విద్యార్థులకు నా మనవి ఒకటే: వెళ్ళి ఆ పేర్లు రాసుకోండి. రిజిస్టరులో ఉన్న సర్వే నంబరు పక్కన, నేలమీద మిగిలిన విస్తీర్ణం కూడా రాయండి. రెండంకెలకూ తేడా వస్తే, ఆ తేడాయే మన జిల్లా చరిత్రలో రాయవలసిన అధ్యాయం.