ఎడ్డీస్టన్ దీపస్తంభము: కాలపు లెక్క

కట్టడ మేదైన గడువునకు ముగియనిచో మన మడుగు తొలి ప్రశ్న "తప్పెవరి" దని. కూలీలు సోమరులనియు, మేస్త్రీకి శ్రద్ధ లేదనియు ఎవరికి తోచినట్లు వారు చెప్పుదురు. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న మఱొకటి కలదు. పని జరిగిన కాల మెంత? జరుగని కాల మెంత? ఏల జరుగలేదు? దీనికి అంకెలతో సమాధానము వ్రాసి యుంచిన యింజనీరు కథను నేడు మీకు మనవి చేసెదను.

ఇంగ్లండు నైరృతి తీరమున, ప్లిమత్ రేవునకు సుమారు 14 మైళ్ల దూరమున, సముద్రమధ్యమందు ఎడ్డీస్టన్ అను బండలు కలవు. అచట నిర్మించిన తొలి దీపస్తంభము 1703లో పెనుతుపాను పాలయ్యెను. తరువాతిది 1755 డిసెంబరులో కాలిపోయెను. దాని స్థానమున ఱాతితో మఱొకటి కట్టు భారము జాన్ స్మీటన్‌పై బడెను.

బండపై పని 1756 ఆగస్టు 5వ తేదీన మొదలై 1759 అక్టోబరు 9వ తేదీన ముగిసెను. పంచాంగము ననుసరించి యిది 3 సంవత్సరముల 9 వారముల 3 దినములు. కాని స్మీటన్ లెక్క వేఱు. అందు పని సాగిన దినములు 421 మాత్రమే. ఆ దినములలోని పనిగంటలను కూడగా, రాత్రింబవళ్లు కలిపి 111 దినముల 10 గంటలే తేలినవి. అనగా మొత్తము కాలమున సుమారు పదవ వంతు!

మిగిలిన కాల మేమయ్యెను? చలికాలమున బండపై దిగుటయే దుస్సాధ్యము. తక్కిన ఋతువులందును పోటు వచ్చిన బండ మునుగును. గాలి హెచ్చిన పడవ చేరదు. ఈ యాలస్యము సముద్రమువలన గలిగినది. దీనిని మాన్పుట మానవునకు శక్యము గాదు. కాని తీరమునుండి రాకపోకలకును, ఱాళ్లను సరిచేయుటకును పట్టు కాలమును తగ్గింపవచ్చును. కావున స్మీటన్ బండకు చేరువనే యొక యోడను లంగరు వేయించి పనివారి నందుంచెను. ఱాళ్లను తీరమునందే చెక్కించి, వరుస వరుసగా అమర్చి చూచిన పిమ్మటనే బండకు పంపించెను.

మఱొక విశేషము. పనివారికి వారపు జీతము గాక, బండపై పనిచేసిన గంటలకు వేఱుగా కూలి ముట్టుచుండెను. కావున ఆ గంటల లెక్క యింజనీరు వేడుక కొఱకు వ్రాసికొన్నది గాదు. అది కూలివాని కష్టమునకు సాక్ష్యము. లెక్కయే లేకున్నచో, మూడేండ్లు గడచెనన్న నింద వారి తలపై బడియుండెడిది గదా! 1791లో స్మీటన్ తన గ్రంథమున ఈ నిర్మాణ వృత్తాంతమును విపులముగా ప్రకటించెను.

1759 అక్టోబరు 16వ తేదీన దీపము వెలిగెను. క్రింది బండ అలల తాకిడికి సడలుటచే 1882లో వేఱొక స్తంభము దానికి బదులుగా వెలసెను. స్మీటన్ స్తంభపు పైభాగము నేటికిని ప్లిమత్ తీరమున నిలిచియున్నది. గడువు దాటిన కట్టడమును గూర్చి వినినపుడెల్ల నాకు ఆ 111 దినముల 10 గంటలు జ్ఞప్తికి వచ్చును. తప్పు మోపుటకు ముందు గంటలు లెక్కింపవలెను.