అరిగిన ఇనుము – తుపాకి చెప్పు సీమచరిత్ర

రాజ్యముల చరిత్ర వ్రాయువారు కోటలను, యుద్ధములను, సంధిపత్రములను లెక్కింతురు. ఆ యుద్ధములలో వాడిన ఆయుధములు ఎట్లు అరిగెను, ఎచ్చట విరిగెను, విరిగినదానిని మరల బాగుచేయగలవాడు ఎవ్వడు అను ప్రశ్న వారి గ్రంథములలో అరుదుగా కనిపించును. సేద్యము చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మడకకు కఱ్ఱు అరిగినప్పుడు ఊరిలో కమ్మరి లేకున్న దున్నకము నిలిచిపోవును. తుపాకి సంగతియు ఇంతియే. కర్నూలు, కడప సీమలలో జరిగిన కొన్ని విషయములను ఈ దృష్టితో పరికించినచో, ఆయుధబలము తుపాకుల సంఖ్యయందు గాక, వానిని చక్కబెట్టు కొలిమియందు కలదని తేటపడును.

మొదట గండికోటను చూతము. పెన్నానది కొండను చీల్చుకొని పాఱుచోట నున్న ఈ దుర్గమును పెమ్మసాని నాయకులనుండి గోలకొండ సేనాని మీర్ జుమ్లా 17వ శతాబ్దపు నడిమికాలమున గ్రహించెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అచ్చటికి వచ్చెను. అచ్చటి ఫిరంగుల పోతను గూర్చి అతడు తన యాత్రాగ్రంథమున వ్రాసియుంచెను. మీర్ జుమ్లా 20 ఫిరంగులు పోతపోయింపదలచి క్లాడ్ మాయే అను ఫ్రెంచివానిని నియోగించెను. లోహముకొఱకు గుడులలోని విగ్రహములను తెప్పించెను. గండికోట పెద్దగుడిలోని ఆరు రాగివిగ్రహములు మాత్రము ఎంతకును కరుగలేదట. పూజారులు ఏదో మంత్రము వేసిరని సేనాని వారిని బెదరించెనట. తుదకు ఆ ఫ్రెంచివాడు పనికివచ్చు ఫిరంగి నొక్కటియైనను చేయలేకపోయెను. ఒకటి పగిలెను, ఇంకొకటి అసంపూర్ణముగా నిలిచెను.

మంత్రము మాట యెట్లున్నను, పెద్దపోత పగులుటకు కారణములు పోతపనివారెల్లరు ఎఱిగినవే. పైపొర ముందుగా చల్లారి లోపలిపొర ఆలస్యముగా చల్లారినచో లోహము తనలో తాను లాగుకొని బీటవాఱును. లోపల గాలిబుగ్గ యొకటి నిలిచినను చాలును. ఆ బీట కంటికి కనబడకున్నను, ఫిరంగి ప్రేలిననాడు బయటపడును.

ఫిరంగి ప్రభువుల సొత్తు. జామగి తుపాకి పల్లెలకు అందిన ఆయుధము. పొడుగైన ఇనుపగొట్టము, కొయ్యదిమ్మ, నిప్పుత్రాటిని పట్టు కొంకి, దానిని వంచు మీట, ఇవియే దాని ముఖ్యాంగములు. అందుచేత అరుగుటకు తావులు కొన్నియే. ముఖ్యమైనది రంజకపు రంధ్రము. మందు మండినప్పుడెల్ల వేడిగాలి ఆ సన్నని దారిన బుసకొట్టుచు వెలువడి దాని అంచులను కొఱికివేయును. సంవత్సరముల తరబడి కాల్చినచో సూదిబెజ్జము వంటిది జొన్నగింజంత యగును. అప్పుడు బలములో కొంత ఆ దారినే పోవును. గుండు దూరము పోదు. నిప్పు కాల్చువాని ముఖముమీదికి ఎగజిమ్మును. నల్లమందు మసి గాలిలోని చెమ్మను పీల్చి గొట్టమును లోపలినుండి తుప్పుపట్టించును. మన మెట్టసీమలో చెమ్మ తక్కువ యైనను, ఎండకాలపు దుమ్ము ఆకురాయివలె కీలులను అరగదీయును.

ఇట్లయ్యును జామగి తుపాకి తరతరములు నిలిచెను. దాని అంగములను ఊరి కమ్మరియే సమ్మెటతో, ఆకురాయితో చక్కజేయగలిగెను. మందుకు కావలసిన సురేకారమును చవుటిమన్నునుండి తీయు విద్య ఈ నాట నుండెను. బొగ్గునకు అడవి కలదు. గంధకము తప్ప తక్కినవన్నియు చేరువనే దొరకెను. పాళెగాండ్ర స్వాతంత్ర్యమునకు కొండలు, కోటలు ఎంత అండగా నుండెనో, ఈ పల్లెకొలుములును అంత అండగా నుండెను.

1800లో నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు ఇచ్చట నుండి పాళెగాండ్ర బలగములను అణచెను. కొందఱిని వెడలగొట్టి, మిగిలినవారిని పింఛనుదారులను జేసెను. కట్టుబడి బంట్రోతుల మాన్యములకు పిమ్మట కలిగిన చిక్కులే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణమాయెను. కోయిలకుంట్ల ఖజానాపై దాడిచేసిన ఆ బలగము చేతిలో నున్నవి నాటుతుపాకులు, కత్తులు, ఈటెలు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసిరి. ఆయన ఓటమికి కారణములు పెక్కులు గలవు. అయినను ఒక భేదమును గుర్తింపవలయును. కంపెనీ సిపాయి తుపాకి చెడినచో దానికి బదులుగా వేఱొకటి చెన్నపట్టణపు ఆయుధాగారమునుండి వచ్చును. కొండలలో తిరుగువానికి తన తుపాకి చెడినచో కొలిమియున్న ఊరికి దిగక తప్పదు. ఊరికి దిగినచో పట్టుబడుట తప్పదు.

తుపాకుల సంఖ్యయే బలము కాదనుటకు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కథ సాక్ష్యము. 1839లో కంపెనీవారు ఆ కోటను సోదాచేయగా నగరులోను, అంతఃపురపు తోటలలోను ఫిరంగులు, మందుగుండు, పోతశాలలు విస్తారముగా బయటపడెను. ఇంత కూడబెట్టియు నవాబు వానిని కోటలోనే విడిచి, కొలువుబంటులతో జొహరాపురమునకు చేరెను. 1839 అక్టోబరు 18వ తేదీన అచ్చట జరిగిన పోరులో ఓడి పట్టుబడెను. ఆయనను తిరుచునాపల్లికి పంపగా 1840లో అచ్చట హత్యకు గురియయ్యెను. ఆయన ఫిరంగులు అరిగి చెడినవి కావు; వాడువాడు లేక పరులపాలైనవి.

అదే కాలమున అమెరికాలో వేఱొక విధమైన ఆయుధము పుట్టెను. 1836లో సామ్యూల్ కోల్ట్ రివాల్వరుకు ఆ దేశమున పేటెంటు పొందెను. ఒక్క గొట్టము వెనుక అయిదాఱు గదులుగల చక్రము తిరుగుచుండును. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తూటా. ఇంగ్లీషు సైన్యము 1887లో వెబ్లీ రివాల్వరును స్వీకరించెను. మన దేశపు పోలీసు అధికారుల నడుమును ఆ జాతి ఆయుధములు చిరకాలము వ్రేలాడెను.

రివాల్వరు గొప్పతనమంతయు దాని చక్రమునందే. దాని బలహీనతయు అచ్చటనే. గుఱ్ఱమును వెనుకకు లాగినప్పుడెల్ల గోరువంటి చిన్న ఇనుపముక్క చక్రమును ఒక గది మేర త్రిప్పును. వెంటనే ఇంకొక మొన చక్రముమీది గంటులో పడి దానిని కదలకుండ పట్టును. వేలమార్లు కాల్చిన పిమ్మట ఆ గోటికొన అరుగును. గంటు అంచులు గుండ్రపడును. అప్పుడు గది గొట్టమునకు సూటిగా నిలువక వెండ్రుకవాసి ప్రక్కకు జరుగును. గుండు గొట్టపు అంచునకు తగిలి, సీసపు పెళ్ళలు ప్రక్కలకు చిమ్మును. ప్రక్కన నిలిచినవానికి గాయమగుట దీనివలననే.

ఇంకొక కీడు వేడివలన కలుగును. చక్రమునకు గొట్టమునకు నడుమ నుండు సన్నని సందునుండి ప్రతిమాఱును మండువాయువు వెలువడి గొట్టపు మొదటిభాగమును, పైచట్టమును కొఱుకుచుండును. పదేపదే తగులు అదరుపాటునకు చట్టము కొంచెముగా సాగును, చక్రము ముందు వెనుకలకు ఆడును, సందు పెరుగును, గుండు బలము తగ్గును. విల్లులు సత్తువ తప్పి, గుఱ్ఱము దెబ్బ చాలక తూటా ప్రేలదు. కడకు సూదిమొన విరిగి పడును.

ఏమాత్రము వంగని ఇనుము ఒకనాడు ఉన్నట్టుండి విరుగుట వింతగా తోచును. బండి ఇరుసును ఎఱిగినవారికి ఇది వింత కాదు. సన్నని తీగెను పలుమాఱులు అటునిటు వంచినచో తెగును గదా! 19వ శతాబ్దమున జర్మనీలో ఆగస్టు వోలర్ అను ఇంజనీరు రైలుబండ్ల ఇరుసులను పరీక్షించి, ఒక్కదెబ్బకు తాళు ఇనుము అంతకంటె చిన్నదైన దెబ్బ లక్షలమార్లు తగిలినచో విరుగవచ్చునని నిరూపించెను. లోహమునకును అలసట కలదు. ఆ అలసట కంటికి కనబడదు.

జామగి తుపాకిని బాగుచేసిన కమ్మరి ఈ రివాల్వరును బాగుచేయలేడు. దాని భాగములు వెండ్రుకవాసి కొలతలతో యంత్రములపై తయారగును. విరిగినచో అట్టి భాగమే కర్మాగారమునుండి రావలయును. 1904లో బెంగాలులోని ఈశాపురమున తుపాకుల కర్మాగారము వెలసెను. అంతకు పూర్వమే, 1878 ఆయుధశాసనము లైసెన్సు లేనిదే ఆయుధములు చేయుటను, మార్చుటను, అమ్ముటను నిషేధించియుండెను. ఒకప్రక్క శాసనము, మఱియొకప్రక్క యంత్రము, రెండును గలిసి ఆయుధవిద్యను పల్లెకొలిమినుండి తొలగించెను. పాళెగాండ్ర యుగము నిజముగా ముగిసినది అప్పుడే యని చెప్పుట తప్పుగాదు. పరుల భాగము లేనిదే ప్రేలని ఆయుధము చేతనున్నవాడు, ఆ భాగమును ఇచ్చువానికి లోబడినవాడే.

పెద్దలారా, ఈ చరిత్రనుండి ఇంటికి పనికివచ్చు మాట యొకటి కలదు. తాతలనాటి తుపాకియో, రివాల్వరో వంశగౌరవమునకై కొన్ని యిండ్లలో నిలిచియుండవచ్చును. పైకి నూనె రాసి తళతళలాడించినంతమాత్రమున లోపలి బీట మానదు. పండుగలకు, పెండ్లిండ్లకు దానిని కాల్చి చూపుట ప్రాణాపాయమే గాక నేరమును అగును. 1959 ఆయుధశాసనము ప్రకారము తుపాకిని ఉంచుకొనుటకే గాక, ఇతరుల తుపాకులను బాగుచేయు వృత్తికిని లైసెన్సు కావలయును. లైసెన్సు గడువు తీరినదానిని పోలీసుస్టేషనులోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగింపవలయును. అరిగిన కఱ్ఱును కమ్మరి సరిచేయును. అరిగిన తుపాకిని నమ్మి మీట నొక్కిన చేతిని ఏ కమ్మరియు అతుకలేడు.