షేరు విభజన, బోనస్: కొనుగోలు ధర నిర్ధారణ

మూలధన లాభాల పన్నుకోసం పాత షేర్ల అసలు ధర తేల్చే పద్ధతి. ముఖవిలువ విభజనలో పాత ఖర్చును కొత్త షేర్లన్నిటికీ పంచాలి. బోనస్ షేరు ఖర్చు మాత్రం సాధారణంగా సున్నా. తికమకంతా ఇక్కడే. ఉదాహరణకు, రిలయన్స్ ఇండస్ట్రీస్ 1997, 2009, 2017, 2024లలో ఒకటికి ఒకటి చొప్పున బోనస్ ఇచ్చింది. 1997 బోనస్‌కు ముందరి 100 షేర్లు 1,600 అయ్యాయి. 2001 ఏప్రిల్ 1కి ముందు చేతికొచ్చిన బోనస్ షేర్లకు ఆనాటి మార్కెట్ విలువను ఖర్చుగా ఎంచుకోవచ్చు. 2018 ఫిబ్రవరికి ముందు వచ్చినవాటికి ఆ జనవరి 31 నాటి గరిష్ఠ ధరనూ పోల్చి చూడాలి. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ వేరుపడినప్పుడు రిలయన్స్ షేర్ల ఖర్చులో 4.68 శాతం దానికి వెళ్లింది. కాగితపు సర్టిఫికెట్లు పోయినవారికి కంపెనీ రిజిస్ట్రారు, వార్షిక నివేదికలు, స్టాక్ ఎక్స్ఛేంజీ ప్రకటనలే ఆధారం.