బొమ్మ ఏ భాషలో మాట్లాడుతుంది?

ఫ్రెండ్స్, మెయిన్స్‌లో ప్రాథమిక విద్య ప్రశ్న రాగానే మనం ‘నిపుణ్ భారత్, 2021 జులై 5’ అని రాసేసి ముందుకెళ్లిపోతాం. చిన్న పిల్లలకు బొమ్మలతో చదవడం నేర్పే పద్ధతికి మాత్రం 350 ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో మనకు పనికొచ్చే పాయింట్ ఒకటుంది.

1658లో నూరెంబర్గ్‌లో ‘ఆర్బిస్ పిక్టస్’ అనే బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చయింది. రచయిత మొరావియాకు చెందిన కొమీనియస్. బొమ్మ ఒకటే, దాని కింద పాఠం లాటిన్‌లో, జర్మన్‌లో. నాకు నచ్చింది మొదట్లోని అక్షరమాల. అక్కడ అక్షరాన్ని వస్తువు పేరుతో కాకుండా జంతువుల అరుపులతో ముడిపెట్టాడు. కాకికి ‘ఆ’, గొర్రెపిల్లకు ‘బే’. ఇంట్లో ఏ భాష మాట్లాడినా గొర్రె అరుపు దాదాపు అదే కదా!

తర్వాత ఫ్రోబెల్ (1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టింది ఆయనే), మన దగ్గర గిజుభాయ్ బధేకా (భావనగర్ బాలమందిర్, 1920). ప్రిలిమ్స్‌కి గుర్తుపెట్టుకోండి, చాలు.

మనం ‘అ–అమ్మ, ఆ–ఆవు’ అని నేర్చుకున్నాం. ఇంటి మాట, పుస్తకం మాట ఒకటే కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు రాయ్‌పూర్ జిల్లా ధర్సీవా బ్లాకు తీసుకోండి. ఊళ్లలో మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, బడి పుస్తకం హిందీ. హిందీ చార్టులో ‘ట’ పక్కన టమాటా ఉంటుంది. ఛత్తీస్‌గఢీలో టమాటాను ‘పతాల్’ అంటారు. పాప బొమ్మను సరిగ్గానే చదివింది, కానీ ఆ బొమ్మ ఆమెను ‘ట’ దగ్గరికి కాక ‘ప’ దగ్గరికి తీసుకెళ్లింది. అక్షరం గుర్తుపట్టడానికి ఇచ్చిన ఆధారమే అడ్డమైంది. అదే బ్లాకులోని సిల్తరా ఫ్యాక్టరీలకు పనికోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఇంటి పిల్లాడైతే మూడో పేరు చెప్పొచ్చు.

మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి చెప్పే 350ఏ అధికరణం 1956లోనే, 7వ సవరణతో వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇంటి భాష అనే అంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, సవర వంటి 8 భాషల్లో గిరిజన పిల్లలకు బోధన మొదలుపెట్టారు. లిపి తెలుగే, మాటలు పిల్లలవి. ఆన్సర్‌లో ఈ ఉదాహరణ తప్పక వాడండి.

‘బొమ్మల చార్టులు సరఫరా చేయాలి’ అని వే ఫార్వర్డ్‌లో రాసేవాళ్లతో నా పేచీ ఇక్కడే. చార్టు రాష్ట్రమంతటికీ ఒకటే అచ్చవుతుంది. ధర్సీవాలో ఆ టమాటాను కత్తిరించి ‘ప’ పక్కన అంటించే అధికారం టీచర్‌కు ఉందని సర్క్యులర్‌లో స్పష్టంగా రాయాలి. మీ ఆన్సర్‌లో సరఫరా బదులు ఈ వాక్యం పెట్టండి.