పటాన్‌చెరు మట్టి, పట్టా లేని మనుషులు

తిరువూరులో ఉండి పటాన్‌చెరు గురించి రాయడమేంటని మిత్రులు అడుగుతున్నారు. మా వైపు మామిడి, పత్తి గొడవే తప్ప రసాయన ఫ్యాక్టరీల గొడవ లేదు, నిజమే. కానీ 2015లో మొదలైన భూసార కార్డు మా రైతులకీ వర్తిస్తుంది. అందులో ఏముందో చూడండి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. మొత్తం 12 లెక్కలు. సీసం లేదు, ఆర్సెనిక్ లేదు, క్రోమియం లేదు, కాడ్మియం లేదు. పైరుకి ఏం తక్కువైందో చెప్పే కాగితమది. మట్టిలో ఏ విషం చేరిందో దానికి పట్టదు. కాగితం దేన్ని లెక్కపెడుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్న ప్రశ్నకి పటాన్‌చెరులో నలభై ఏళ్ల చరిత్ర ఉంది. మేం అక్కడికి పోయేది అందుకే.

అప్పటి మెదక్ జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ ఎంపీ అయ్యాక ఫ్యాక్టరీలు బారులు తీరాయి. వెనకబడిన ప్రాంతానికి అభివృద్ధి వచ్చిందన్నారు. మందులు, రసాయనాలు, రంగులు, లోహాలు తయారయ్యాయి. వాటి మురుగు చెరువుల్లోకి, నక్కవాగులోకి, వాగు నుంచి మంజీరలోకి పోయింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధనలో ఇక్కడి మట్టిలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్, జింకు ఎక్కువగా ఉన్నాయని తేలింది.

మన పర్యావరణ రాతల్లో వాగు గురించి ఉన్నంత మట్టి గురించి ఉండదు. వాగు రంగు మారితే ఫొటో తీయొచ్చు. మట్టి రంగు మారదు మరి! సేంద్రియ రసాయనాలు చాలావరకు ఏదో ఒకనాటికి విరిగిపోతాయి. లోహం విరగదు. బంకమట్టి రేణువుల్ని పట్టుకుని అక్కడే కూచుంటుంది. ఫ్యాక్టరీ మూసేసినా, వాగు తేటపడినా పొలంలో అదుంటుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో ఆర్సెనిక్ మట్టిని వదిలి నీటిలో కలుస్తుంది, వేరు దాన్ని పీల్చుకుంటుంది. ఆకుకూర కాడ్మియాన్ని తీసుకుంటుంది.

ఆ మడిలో మోకాలి దాకా దిగి నాటేసేది ఎవరు? కలుపు తీసేదెవరు? వాగు గట్టున గడ్డి కోసి గేదెకి వేసేదెవరు? పంట పోతే ఆసామికి పోయింది పంట. కూలికి పోయింది పని. పైగా ఆ నీళ్లలో నిలబడ్డ ఒళ్లు కూడా కూలిదే.

1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అది చేతులు మారి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చేరి 2017లో తేలింది. ఇరవై ఏడేళ్లు! మధ్యలో నష్టపరిహారం ఇప్పించారు. అది పోరాడి సాధించుకున్నది, మేం దాన్ని తక్కువ చేయం. అయితే దాన్ని కొలిచిన కొలబద్ద ఎకరం. మెట్టకింత, తరికింత. ఎకరం లేని మాదిగ ఆడమనిషికి ఆ పట్టికలో గడే లేదు.

భూమి ఉన్న దళితుల సంగతి వేరేమీ కాదు. చాలా ఊళ్లలో మాల మాదిగలకి అసైన్‌మెంటు కింద దక్కింది చెరువు శిఖం అంచు, వాగు ఒడ్డు, చౌడు. పల్లమెక్కడుంటే మురుగు ముందు అక్కడికే వస్తుంది. 1977 చట్టం ప్రకారం ఆ భూమి అమ్మరాదు. అందువల్ల మట్టి చెడితే అమ్ముకుని పోయే దారి కూడా లేదు. ప్రభుత్వమే ప్రజాప్రయోజనమంటూ వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలన్న మాట హైకోర్టు విస్తృత ధర్మాసనం నోట 2004లో గానీ రాలేదు. ఆ 1977 చట్టం తిరువూరుకీ చట్టమే. 1967 నుంచి రిజర్వుడు నియోజకవర్గమైన మా ఊళ్లో అసైన్డు భూమి అంటే తెలియని దళితవాడ ఉండదు.

తర్వాత పటాన్‌చెరు మురుగుని శుద్ధి చేసి 18 కిలోమీటర్ల పైపులైనుతో అంబర్‌పేట వైపు, అంటే మూసీకి మళ్లించారు. నక్కవాగు పక్క రైతులకి అది ఊరట. మూసీ దిగువన ఆ నీళ్లతోనే గడ్డి పెంచుతారు, ఆకుకూరలు పండిస్తారు. అక్కడా కొడవలి పట్టేది కూలే.

నక్కవాగు పొలాల్లో 1980ల్లో నాట్లేసిన ఆడవాళ్లకి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లుంటాయి. పోచారంలో, ఆరుట్లలో, చిద్రుప్పలో, ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో వాళ్ల దగ్గరికి మన విద్యార్థులు వెళ్లాలి. ఏ మడిలో ఎన్ని రోజులు దిగారు, ఏ ఏడు పని ఆగింది, ఆ తర్వాత ఏ ఊరికి కూలికి పోయారు అని అడిగి రాసుకోవాలి. వాళ్లుండగానే.