హేత్వాభాసములు – యురేనియపు పిప్పి

పూర్వపు నల్లగొండ జిల్లా అనగానే పోచంపల్లి నేత, నాగార్జునసాగరము, బావులలోని ఫ్లోరైడు స్ఫురించును. ఈ శతాబ్దారంభమున వీటికి యురేనియము తోడైనది. సాగర్ జలాశయమునకు చేరువనున్న లంబాపూర్, పెద్దగట్టు గ్రామములవద్ద గనులు త్రవ్వుటకు భారత యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదింపగా, 2003 ఆగస్టులో లంబాపూరున బహిరంగ విచారణ జరిగినది. ప్రజలు గట్టిగా వ్యతిరేకించిరి. నాటినుండి అణువ్యర్థములను గూర్చి మన ప్రాంతమున వాదములకు కొదువ లేదు. వాటిలో ఏది నిలుచును, ఏది నిలువదు?

హేతువువలె కనిపించి హేతువు కానిదానిని మన తార్కికులు హేత్వాభాసము అనిరి. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు తన 'తర్కసంగ్రహము'లో అట్టివి ఐదింటిని వివరించెను. మొదటిది సవ్యభిచారము, అనగా దారి తప్పు హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉండును. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండదు. ఎఱ్ఱగా కాగిన ఇనుప గుండులో పొగ యేది? ఇట్టి దృష్టాంతము ఒక్కటి చూపిన చాలును, హేతువు కూలును.

"యురేనియము ప్రకృతిసిద్ధము, కావున హాని చేయదు" అను వాదమును ఇట్లే పరీక్షింతము. నల్లగొండ బావులలోని ఫ్లోరైడు కూడ రాళ్లనుండి వచ్చిన ప్రకృతిసిద్ధ పదార్థమే. అది ఎందరి ఎముకలను వంచినదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

ఎదుటి పక్షపు వాదము చూడుడు: "యురేనియం-238 అర్ధజీవితకాలము సుమారు 450 కోట్ల ఏండ్లు, కావున దాని కిరణములు మిక్కిలి తీవ్రమైనవి." ఇదియు నిలువదు. సగము తరుగుటకు అంతకాలము పట్టుననగా, క్షణక్షణము విచ్ఛిన్నమగు పరమాణువులు తక్కువ అనియే అర్థము.

అయితే హేతువు చెడినంతమాత్రమున ప్రమాదము లేదని తేలదు. విద్యార్థులు తఱచు పొరబడునది ఇచ్చటనే. యురేనియము తీసివేసిన ఖనిజపు పిప్పిలో థోరియం-230, రేడియం-226 మిగిలిపోవును. వీటి అర్ధజీవితకాలములు వరుసగా సుమారు 75,000 ఏండ్లు, 1,600 ఏండ్లు. ముడి ఖనిజపు రేడియోధార్మికతలో సుమారు 85 శాతము ఆ పిప్పిలోనే నిలుచును. భయమునకు కారణము కలదు. చెప్పిన కారణము మాత్రము అది కాదు.

కడప జిల్లా తుమ్మలపల్లిలో 2012లో యురేనియపు గని, శుద్ధికర్మాగారము ప్రారంభమైనవి. తరువాత పిప్పి చెరువు వలన బోరునీరు చెడినదని చుట్టుపక్కల రైతులు మొఱపెట్టిరి. "చెరువు తరువాతనే చెడినది గనుక చెరువువలననే" అనుట చాలదు. ఆ రాళ్లలో యురేనియము ముందే కలదు. "ముందే కలదు గనుక చెరువు కారణము కాదు" అనుటయు చాలదు. గనికి పూర్వపు నీటి కొలతలను నేటివాటితోను, చెరువుకు ఎగువ బావులను దిగువ బావులతోను పోల్చి చూడవలెను.

కావున ప్రతి వాదమును గూర్చి ఉపాధ్యాయులు తరగతిలో రెండు ప్రశ్నలు వేఱువేఱుగా అడుగుట మేలు: హేతువు సరియైనదా? నిర్ణయము నిజమా? రేపు తమ ఊరి నీటిని గూర్చి బహిరంగ విచారణలో మాటలాడవలసినవారు ఈ విద్యార్థులే.